మా మేనత్త చెవులు తప్పలేదు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు నాలుగు రోజులు ఆలస్యంగా అందింది. మా పల్లె సంఘం పంతులు రాసిన కార్డు అది. "మీ అత్త మంగళవారం ప్రభువునందు నిద్రించినది. బుధవారం భూస్థాపన జరిపినాము. ఆదివారం ఆదరణ కూడిక. మీరు కంగారు పడవలదు." ఆయన ఎప్పుడూ అంతే, కంగారు పడవలదని రాసి మరీ కంగారు పెడతాడు. అందులోనూ నేను పుట్టు భయస్తురాలిని.

కార్డు పట్టుకుని బడి వరండాలో నిలబడితే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయమే. పదేళ్లుగా అత్తకు చెప్పాల్సిన మాట ఒకటి నా కడుపులో ఉంది. ప్రతి సెలవులకూ ఊరికి పోవడం, ఆమె పక్కన కూర్చోవడం, నోరు తెరవడం, "ఆకలైతాంది అత్తా" అని ఊరుకోవడం. ఇప్పుడిక ఆ మాట ఎవరితో చెప్పాలి? ఆ దిగులుతోనే పెట్టె సర్దుకున్నాను. తొందరలో రెండు జాకెట్లు పెట్టుకుని చీర మరిచిపోయాను.

నేను పనిచేసే బడి నార్కట్‌పల్లి దగ్గర, మా పల్లె కొత్తకోట పక్కన. యుద్ధం అయిపోయిందంటున్నారు గాని బస్సులింకా బొగ్గు మీదే నడుస్తున్నాయి. ఎత్తు వచ్చినచోటల్లా అందరం దిగి తొయ్యాలి. తోస్తూ తోస్తూ నేను ఒక్కటే లెక్క వేసుకుంటున్నాను. కూడికలో నన్ను మాట్లాడమంటారు. చదువుకున్నదాన్ని, పంతులమ్మను, పైగా ఆమె పెంచిన మేనకోడలిని. ఏం చెప్పను?

చదివేవాళ్లకు మా అత్త ఎవరో తెలియదు గనుక ముందు ఆ సంగతి చెబుతాను. ఆమె కూలి మనిషి. నాట్లు వేసేది, కలుపు తీసేది, జొన్న కోసేది. మా నాయినకు అక్క. పెనిమిటి చిన్నప్పుడే పోతే కూతురితో మా ఇంటికి వచ్చింది. ఆ కూతురు నాకంటే నాలుగేళ్లు పెద్ద, నాకు వదిన. మా అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది కాబట్టి వదినకూ నాకూ ఒకటే అమ్మ, మా అత్త. మాకు గుంట భూమి లేదు. ఉన్నదల్లా అత్త మాట మీద జనానికున్న నమ్మకం. అదే మా ఆస్తి అనుకోండి.

ఆ నమ్మకం కోలాటం వల్ల వచ్చింది. వాగుకు ఇవతల మా పల్లె, అవతల ఇంకో పల్లె. రెండూ కూలోళ్ల పల్లెలే, రెంటికీ కలిపి ఒకటే ప్రార్థన గుడి. జొన్నలు కోసినాక కోత పండుగ చేసేవాళ్లం. ఆనాడు గుడి ముందు రెండు పల్లెల ఆడపిల్లలకూ కోలాటం పందెం. ఒక్కో పల్లె నుంచి పదహారు మంది. గెలిచిన పల్లె పిల్లలు మొదటి కంకుల కట్ట నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందు గుడిలోకి నడుస్తారు. ఇంతేనా, దీనికే పందెమా అంటారేమో. ఏడాదంతా పరాయి కళ్లాలకు కట్టలు మోసిన నెత్తులండీ అవి. ఆ ఒక్క కట్టే మాది. దానికోసం అవతలి పల్లెతో ఏడాది పొడుగునా మాటలు లేకుండా ఉన్నవాళ్లున్నారు.

పందెం తీర్పు దగ్గర ఏటా కొట్లాటే. పడుచువాళ్లు, "ఎవరు కష్టమైన ఆట ఆడితే వాళ్లకే ఇయ్యాలె" అనేవాళ్లు. ముసలివాళ్లు, "ఎగురుడు కోతి గూడ ఎగురుతది, పాట పొందిక సూడుండ్రి" అనేవాళ్లు. ఒక పల్లె పిల్లలు గొంతుకూర్చుని గుండ్రంగా తిరుగుతూ కోలలు కొడతారు, వెనక్కి వంగి తల మీదుగా కొడతారు, కాని పాట నడుమ నడుమ కుంటుతుంది. ఇంకో పల్లె పిల్లలు ఏ గొప్పా చేయరు, పాట మాత్రం నూనె పోసినట్టు సాగుతుంది. ఎవరిది గెలుపు? ఒక ఏడు ఆడిన కోలలతోనే కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు రెండు పల్లెల పెద్దలూ కూడి, ఆ ఆట బాగా తెలిసిన మనిషి కాబట్టి, మా అత్తను తీర్పరిగా కూర్చోబెట్టారు.

ఆమె పద్ధతి ఆమెదే. ఒళ్లో చింతగింజలు పోసుకుని కూర్చునేది. కష్టమైన ఆట ఒకటి చేస్తే ఒక గింజ ముంతలో వేసేది. ఆ ఆట చేస్తూ పాట చెడగొడితే, గింజ వేయకపోగా ముంతలోంచి ఒకటి వెనక్కి తీసేది. అన్నీ అయినాక మొత్తం ఆట పొందికకు ఐదు గింజల దాకా ఎన్నైనా వేసేది. "గింజ తీసుడెందుకమ్మా, కష్టపడ్డరు గదా" అని ఎవరో అంటే, "కష్టం ఒంటికి, అందం పాటకు. ఒంటి కోసం పాటను సంపుతనంటె ఎట్ల?" అంది. ఇంకో మాట కూడా ఆమెది మా పల్లెలో ఇప్పటికీ అంటుంటారు: "ఎగిరినోళ్లు కాదు గొప్ప, దిగినోళ్లు గొప్ప."

తీర్పరి మా పల్లె మనిషే కదా అని అవతలి పల్లెవాళ్లకు మొదట్లో అనుమానం ఉండేది. మొదటి ఏడే అది తీరిపోయింది. మా వదిన గాలిలోకి ఎగిరి ఒక చుట్టు తిరిగి దిగుతూ జతదాని కోలకు కోల కలిపే ఆట ఆడింది. అంతవరకు ఎవరూ చేయని ఆట అది. జనం ఈలలు వేశారు. అత్త మాత్రం, "మడిమె మీద దిగింది, పాట ఒక్క అడుగు ఎనుకవడ్డది" అని ముంతలోంచి గింజ తీసేసింది. ఆ ఒక్క గింజతో మేం ఓడిపోయాం. వదిన మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు. అవతలి పల్లె ముసలామె, వాళ్ల పిల్లలకు కోలాటం నేర్పేది ఆమే, వాగు దాటి వచ్చి అత్త చేతిలో బెల్లం ముక్క పెట్టిపోయింది.

వదినకూ నాకూ మిగతా పిల్లలకూ ఆట నేర్పింది కూడా అత్తే. వాగు ఎండినాక ఇసుకలో ఆడించేది. ఇసుకలో కాలు లేవదు, ఒక్క పాటకే పిక్కలు గుంజేవి. మేం ఏడిస్తే, "ఇసుక ఒప్పుకున్నదంటె నేల ఊకెనే ఒప్పుకుంటది" అనేది. నేను మహా మొద్దును. నా కోల ఎప్పుడూ అరక్షణం ఆలస్యం. నాలుగు నెలలు చూసి, "నువ్వు కూసోని సూడు బిడ్డా, సూసేటోళ్లు గూడ గావాలె గదా" అని మెల్లగా వరుసలోంచి తప్పించింది. చెబితే నవ్వుతారు, నాకు ఆనాడు ఎంత హాయి అనిపించిందో. పదిమంది ముందు తప్పు చేస్తానన్న భయం పోయింది కదా.

ఆ చూడటమే నా పీకకు చుట్టుకుంది.

నాకు పన్నెండో ఏడు. జొన్న చేలో కలుపు తీస్తున్నాం. అత్త నా పక్క సాలు. చూస్తే ఆమె ఒళ్లో గడ్డితోపాటు జొన్న మొక్కలు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు. కూలికి పిలిచే మేస్త్రి పెండ్లాం వెనకే వస్తోంది. నేను గబుక్కున ఆ మొక్కలు లాక్కుని నా లంగాలో దాచుకున్నాను. మధ్యాహ్నం గట్టు మీద కూర్చున్నప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నాకు మనుషుల మొకాలు గూడ కనవడ్తలేవు. పొద్దు ఏడ ఉన్నదో తెలుస్తది, గంతే."

"ఎప్పటిసంది అత్తా?"

"పోయినేటి కోత పండుగ అయినసంది. దవాఖానకు పోయిన, మీ నాయినకు తెల్వకుంట. ఒక కంటికి ఏం చెయ్యరాదన్నరు. ఇంకోటి కోస్తె వస్తదో రాదో అన్నరు. ఎవ్వరికి చెప్పకు. కండ్లు లేవని తెలిస్తె రేపటిసంది కలుపుకు పిలువరు. మీ వదినకు గూడ చెప్పకు, ఫికర్ పెట్టుకుంటది."

అప్పటినుంచి నాకు నిద్ర సుఖం లేదు. చేలో ఆమె పక్క సాలు నాదే. మొక్క దగ్గరికి చెయ్యి పోతే నేను దగ్గేదాన్ని. అందరూ ఈ పిల్లకు ఉబ్బసం అనుకునేవారు. ఇంట్లో మాత్రం ఆమెకు నా సాయం అక్కరలేదు. అడుగు చప్పుడుతో మనిషిని చెప్పేది. సంతలో కుండలు కొనాలంటే పల్లెంతా ఆమెను వెంట తీసుకుపోయేది. వేలితో తట్టి, "ఇది తీసుకోకు, లోపల సన్నగ పగిలింది" అనేది. ఆమెకు చూపు లేదని నాకు తప్ప ఎవరికీ తోచలేదు.

కోత పండుగ దగ్గరపడుతుంటే నా గుండెలో రాయి పడింది. "ఈయేడు తీర్పు నాతోని కాదని చెప్పు అత్తా" అన్నాను. "చెప్తె ఎందుకని అడుగుతరు. ఏం చెప్పాలె?" అంది. నిజమే, ఆమె ఒళ్లు గట్టిగానే ఉంది, వంక పెట్టడానికి జ్వరం కూడా లేదు. చివరికి ఆమే దారి చెప్పింది. నేను పక్కన కూర్చుని ఏ ఆట ఆడుతున్నారో చెవిలో చెప్పాలి. ఎవరు కూర్చున్నారు, ఎవరు వంగారు, ఎవరు ఎగిరారు, అంతే. పాట చెడిందా లేదా అన్నది ఆమె వింటుంది. "కష్టం నీ కండ్లతోని, అందం నా చెవులతోని" అంది. పదహారు జతల చేతులు ఒక్కసారి కొడితే ఒక్కటే చప్పుడు రావాలి. ఒక్క కోల తప్పినా ఆమెకు తెలిసేది.

అట్లా రెండు పండుగలు గడిచిపోయాయి. నేను చూసింది చూసినట్టు చెప్పాను, ఆమె విన్నది విన్నట్టు గింజ వేసింది. రెండేళ్లూ అవతలి పల్లే గెలిచింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం మా ఇద్దరినీ ఎవరైనా అనుమానంగా చూస్తున్నారా అని కళ్లు నాలుగు దిక్కులా తిరిగేవి. ఆటను చూడాలి, జనాన్నీ చూడాలి.

మూడో ఏడు మా వదిన పట్టు పట్టింది. గాలిలో ఒక చుట్టు కాదు, రెండు చుట్లు తిరుగుతానంది. అత్త వద్దంది. "ఒక్క సుట్టు అందంగ తిరుగు, సాలు. రెండో సుట్టుల పాట ఉండది, ఉత్త ఎగురుడే ఉంటది." వదిన వినలేదు. వాగు ఇసుకలో నెలలకొద్దీ ఎగిరింది. చీలమండలు వాచిపోతే నేనే వేడి ఉప్పుతో కాపడం పెట్టాను. అట్లా కాపడం పెడుతుంటే ఒకరోజు అంది, "ఏండ్లకేండ్లు అవతలోళ్ల పిల్లలకు గింజలు ఏస్తది. ఒక్కసారన్న మా అమ్మ నాకు గింజ ఎయ్యాలె, గంతే నాకు గావాల్సింది." ఆ మాట నా మనసులో దిగబడిపోయింది. రెండు చుట్లు ఇసుకలో పదిసార్లు చేస్తే ఏడుసార్లు నిలబడేది. మిగతా మూడు సార్ల సంగతి తలుచుకుని నేను అన్నం సరిగ్గా తినలేదు.

పండుగ నాడు ముందు అవతలి పల్లె ఆడింది. ఆరు కష్టమైన ఆటలు, ఒక్కటీ తప్పలేదు. ఆఖరున వాళ్ల పిల్ల ఒక చుట్టు తిరిగి ఎంత మెత్తగా దిగిందంటే నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. పొందికకు అత్త ఐదు గింజలూ వేసింది. మొత్తం పదకొండు.

తర్వాత మావాళ్లు. ఒక్కో ఆట నేను చెవిలో చెబుతున్నాను, అత్త గింజ వేస్తోంది. ఏడు ఆటలయ్యాయి, ఏడు గింజలు. ఎనిమిదోది వదినది. డప్పు జోరందుకుంది. వదిన కూర్చున్నచోటు నుంచి లేచి ఎగిరింది. ఒక చుట్టు. రెండో చుట్టు. దిగింది, కాలు మెలికపడింది, మోకాలు నేలకు తాకింది, చెయ్యి నేలకు ఆన్చి లేచింది. ఆమె కోల జతదాని కోలను చేరనే లేదు. జనం ఒక్కసారిగా హో అని అరిచారు. కళ్లు మూసి తెరిచేలోగా మళ్లీ వరుసలో కలిసిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అంది అత్త.

నేను చూసింది వదిన ముఖం. అది చూడకపోయి ఉంటే బాగుండేది.

"రెండు సుట్లు తిరిగింది అత్తా. మంచిగ దిగింది."

"ఒక కోల తక్కువ మోగినట్టున్నదే?"

"డప్పు సప్పుడుల ఇనవడలేదేమో."

"జనం ఎందుకు మొత్తుకున్నరు?"

"సంబరానికి."

మూడు ప్రశ్నలు, మూడు అబద్ధాలు. ఎక్కడా తడుముకోలేదు. ఎప్పుడూ తడబడే నా నాలుక ఆనాడు నూనె రాసినట్టు తిరిగింది. అత్త గింజను వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు ఆగింది. ఆమె చెవి ఒకటి చెబుతోంది, నేనొకటి చెబుతున్నాను. చివరికి నా మాటే నమ్మింది. గింజ ముంతలో పడింది. ఆట అంతా అయినాక పొందికకు నాలుగు వేసింది. మొత్తం పన్నెండు. మా పల్లె గెలిచింది.

నిజం చెప్పి ఉంటే పది. ఆ లెక్క నేను పదేళ్లుగా వేస్తూనే ఉన్నాను.

మావాళ్లు గంతులేశారు. కంకుల కట్ట తెచ్చి వదిన నెత్తిన పెట్టారు. వదిన నోరు తెరిచి తల్లి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆమెకేమీ అర్థం కాలేదు. అందరూ తోసుకుంటూ గుడి గుమ్మం దాకా పోయారు. అప్పుడు అవతలి పల్లె ముసలామె అడ్డం వచ్చి అత్త ముందు నిలబడింది. కోపంగా కూడా లేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

"అక్కా, పిల్ల మోకాలి మీద వడ్డది. చెయ్యి ఆనిచ్చి లేసింది. ఇంతమందిమి సూసినం. నీకు కనవడలేదా?"

అత్త చేతిలో నా చెయ్యి ఉంది. ఆమె నా వైపు తల తిప్పలేదు. నా చెయ్యి వదిలి లేచి నిలబడింది.

"కనవడలే" అంది. "మూడేండ్లసంది నాకు ఏమీ కనవడ్తలేదు."

వదిన నెత్తి మీద కట్ట పక్కకు ఒరిగింది.

"ఈ పిల్లను పక్కన కూసోవెట్టుకోని ఆట అడుగుతున్న. పిల్ల సక్కగనే చెప్పింది, వడ్డదనే చెప్పింది. ఈ జనం మొత్తుకునే దాంట్ల నేనే తప్పు ఇన్న. నా చెవిదే తప్పు. కట్ట అవతలోళ్లకు ఇయ్యుండ్రి."

కట్ట చేతులు మారింది. అవతలి పల్లె పిల్లలు లోపలికి నడిచారు. మా పల్లెలో ఎవరో, "గట్లయితె పోయినేడు తీర్పు, ఆ ముంగటేడు తీర్పు ఏంగావాలె?" అని లేవదీశారు. ముసలామె వెంటనే, "అయ్యి సక్కగనే ఉన్నయి, మేం సూసినం గదా" అంది. ఆ రెండేళ్లూ గెలిచింది వాళ్లే కాబట్టి వాళ్ల చూపు మీద వాళ్లకు గట్టి నమ్మకం.

మరుసటి వారం నుంచి మేస్త్రి పెండ్లాం మా అత్తను కలుపుకు పిలవలేదు. తర్వాత నాటుకూ పిలవలేదు. ఆమె ఇంటి పట్టున ఉండి వాళ్లకూ వీళ్లకూ జొన్నలు విసిరిపెట్టేది. పొద్దున లేస్తే విసుర్రాయి చప్పుడు వినబడేది. ఆ కూలి పోయింది నా నోటివల్ల. ఆమె చెవికి మచ్చ వచ్చింది నా నోటివల్ల. జీవితంలో ఆమె ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే, అదీ నా కోసం. ఆనాడు ఇంటికి వచ్చినాక నన్ను తిడుతుందని, కొడుతుందని చూశాను. "బువ్వ తిన్నవా?" అంది. తిట్టినా బాగుండేది.

ఇంకో నెలకు మా నాయినతో, "ఈ పిల్ల కండ్లు మంచిగున్నయి, కూలికి తోలకు, మిషను బడికి తోలు" అంది. కండ్లు మంచిగున్నాయనడం నన్ను పొడవడానికే అనుకున్నాను. బోర్డింగులో ఎన్నో రోజులు ఆ మాటే తలుచుకుని కుమిలిపోయాను. ఆమెకు పొడవడం చేతకాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ చదువు, ఈ ఉద్యోగం, ఈ నాలుగు ముక్కలు రాసే చెయ్యి, అన్నీ ఆ మాట పెట్టిన భిక్షే.

ఆ తర్వాతి కోత పండుగకు అత్తను పిలుస్తారని మేమెవరం అనుకోలేదు. అవతలి పల్లె ముసలామే వాగు దాటి వచ్చింది. "పొందిక ఇనేటందుకు నీ అసొంటి చెవి మాకు ఇంకోటి లేదు" అంది. కాని పద్ధతి మార్చారు. అత్తకు అటొక పిల్ల, ఇటొక పిల్ల. ఒకతె మా పల్లెది, ఒకతె అవతలి పల్లెది. ఏ పల్లె ఆడినా ఇద్దరూ చెరో చెవిలో చెప్పాలి. ఇద్దరూ చెప్పింది కలిస్తేనే గింజ. ఇప్పటికీ అక్కడ పందెం అట్లాగే నడుస్తుంది. ఆ పిల్లల్లో నన్ను ఎవరూ పెట్టలేదు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు నేను దూరంగా, ఆడవాళ్ల వెనక నిలబడి చూసేదాన్ని.

వదినతో ఈ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? పడింది ఆమే కదా. తల్లి చెవి ఎట్లాంటిదో కూడా ఆమెకు తెలుసు. అయినా ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె మళ్లీ రెండు చుట్లు తిరగలేదు. పెండ్లయ్యేదాకా ఒక్క చుట్టే తిరిగింది. రెండేళ్ల తర్వాత తల్లి ముంతలో ఆమెకు గింజ పడింది. ఆనాడు వదిన ఏడ్చిన ఏడుపు పల్లెంతా చెప్పుకున్నారు.

మొన్న ఆదివారం ఆదరణ కూడికకు రెండు పల్లెలూ వచ్చాయి. అవతలి పల్లె ముసలామె ఇప్పుడు వంగి కర్రపట్టుకుని నడుస్తోంది. ఆమె లేచి చెప్పింది: "గసొంటి తీర్పరి మళ్ల పుట్టది. ఇన్నేండ్లల ఆమె చెవి ఒక్కపారి తప్పింది, గంతే. ఒక్కపారి తప్పనోళ్లు ఎవరు?" అందరూ తలలూపారు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. లేచాను. వదిన నా వైపే చూస్తోంది. "మా అత్త నన్ను కన్నబిడ్డ లెక్క సాకింది" అన్నాను. "మస్తు మంచిది" అన్నాను. కూర్చున్నాను. బడిలో ముప్పై మంది పిల్లలను నోరు మూయించే పంతులమ్మను నేను.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పత్రిక మా పల్లెకు వస్తుంది. సంఘం పంతులు ఆదివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని చదివి వినిపిస్తాడు. అయ్యా పంతులుగారూ, ఇది మాత్రం మింగకుండా చదవండి. ఆనాడు మా అత్త చెవి తప్పలేదు. ఒక కోల తక్కువ మోగిందని ఆమె అంది. నేనే కాదన్నాను. పడ్డ పిల్లను పడలేదని చెప్పింది నేను. వాగు అవతలివాళ్లు ఏమంటారో, వదిన ఏమనుకుంటుందో, నాయిన తల ఎక్కడ పెట్టుకుంటాడో. అన్నీ అనుకుంటూనే రాస్తున్నాను.

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో ఆమెను ఆఖరుసారి చూశాను. పొద్దుగూకే వేళ. వాగు ఇసుకలో పిల్లలు ఆడుతున్నారు. అత్తను చెయ్యి పట్టి తీసుకుపోయి ఒడ్డున బండ మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను. ఈసారి చెప్పేయాలని పొద్దున్నుంచి గుండె దిటవు చేసుకుని ఉన్నాను.

"అత్తా, ఆనాడు కోత పండుగకు నేను..."

"జర ఊకో" అంది. "ఆట నడుస్తాంది."

పాట వైపు తల తిప్పింది. కొంతసేపు విన్నది. తర్వాత నా వైపు ఒరిగి, చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది. పదేళ్లలో ఒక్కసారి కూడా అట్లా తేలేదు.

"చెప్పు బిడ్డా. ఏం ఆడుతున్నరు?"

"గుండ్రంగ తిరుగుతున్నరు అత్తా. ఒక పిల్ల కూసున్నది. గులాబి లంగది. లేస్తున్నది. ఎగిరింది. ఒక సుట్టు..." ఆ పిల్ల ఇసుకలో ముందుకు బోర్లా పడింది. లేచి, నవ్వుకుంటూ, కోలలు వెతుక్కుంటోంది.

"వడ్డది అత్తా" అన్నాను.

"అవ్" అంది. ఆమె చెయ్యి వచ్చి నా మోకాలి మీద ఆగింది. ఇసుకలో పాట మళ్లీ ఎత్తుకున్నారు. అత్త వేళ్లు నా మోకాలి మీద తాళం వేస్తున్నాయి, మెల్లగా, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.